అతుకు దాటే పాట

బజర్ బిళ్ళను చాలామంది చూసే ఉంటారు. పాట పాడే గ్రీటింగ్ కార్డును చింపితే లోపల కనిపించే పల్చటి ఇత్తడి బిళ్ళ అది. ఇత్తడి మీద తెల్లటి పింగాణీ పొర, ఆ పొర మీద వెండి పూత ఉంటాయి. కరెంటు ఇస్తే బిళ్ళ వణికి కూస్తుంది. మనమే తట్టి వణికిస్తే తిరిగి వోల్టేజి పుట్టిస్తుంది. అందుకే కొందరు దాన్ని వీణ బుర్రకో, గిటారు పలకకో అంటించి మైకులా వాడుకుంటారు. నీళ్లు చొరబడకుండా మూసి సముద్రంలోకి దించితే అది నీటి అడుగు చప్పుళ్లు వినే హైడ్రోఫోన్ అవుతుంది.

భీమిలి తీరంలో నీటి అడుగున ఎలాంటి చప్పుడు ఉంటుందో వినాలని నాకు చాలాకాలంగా కోరిక. విశాఖ డాబాగార్డెన్స్‌లో నాలుగు బిళ్ళలు కొని తెచ్చాను. మూడింటిని టంకం దగ్గరే పోగొట్టుకున్నాను. సోల్డరింగ్ ఐరన్ ఆనించిన చోట వెండి పూత కనబడకుండా పోయింది, తీగ ఊడి చేతికొచ్చింది. చేతివాటం సరిగా లేక అలా అయిందనుకున్నాను. అసలు కారణం రసాయన శాస్త్రంలో ఉంది. వేడి టీలో పంచదార కరిగినట్టు, కరిగిన తగరంలో వెండి కరుగుతుంది. పూత మరీ పల్చన కాబట్టి రెండు మూడు క్షణాల్లోనే మొత్తం సోల్డర్‌లో కలిసిపోతుంది. ఇలాంటి చోట వాడడానికే 62 పాళ్లు తగరం, 36 పాళ్లు సీసం, 2 పాళ్లు వెండి కలిపిన సోల్డర్ ఒకటి తయారుచేస్తారు. ముందే కాస్త వెండి తాగి ఉన్న సోల్డర్ కొత్త వెండిని అంత ఆత్రంగా తాగదు.

వేడితో ఇంకో చిక్కు కూడా ఉంది. పింగాణీని తయారుచేసేటప్పుడు బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచి, లోపలి ధ్రువాలన్నీ ఒకే వైపు తిరిగేలా చేస్తారు. మరీ వేడెక్కితే ఆ వరుస చెదిరిపోతుంది, బిళ్ళ మూగబోతుంది. ఆ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. నొక్కితే విద్యుత్తు పుట్టే గుణాన్ని 1880లో కనిపెట్టింది జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు. హద్దుకు పెట్టిన పేరు ఆ పియరీదే.

నాలుగో బిళ్ళను కాల్చకుండా అతకాలి. అలా నేను కరెంటు మోసే జిగురు దగ్గరికి వచ్చాను. ఏ జిగురు మంచిదని వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఆ ప్రశ్న అడగవలసిన తీరు అది కాదని. ఈ అతుకులోంచి ఎంత కరెంటు పోవాలి? ఏ ఉపరితలం మీద అతకాలి? ఏ గాలిలో బతకాలి? ఈ మూడింటికీ జవాబు దొరికితే జిగురు దానంతట అదే తేలుతుంది.

గెడ్డలో రాళ్లు

మామూలు ఎపాక్సీ జిగురు కరెంటును పోనివ్వదు. తీగల మీది ప్లాస్టిక్ తొడుగు ఎలా అడ్డుకుంటుందో అదీ అలాగే అడ్డుకుంటుంది. కరెంటు పోవాలంటే అందులో లోహపు పొడి కలపాలి. కలిపిన కొద్దీ కరెంటు కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుందని అనిపిస్తుంది కానీ జరిగేది అది కాదు.

మన ఉత్తరాంధ్రలో ఏ గెడ్డనైనా తలుచుకోండి. కళ్లు మూసుకుని అందులోకి రాళ్లు విసురుతున్నామనుకుందాం. పది రాళ్లు వేసినా కాలు తడవకుండా అవతలి ఒడ్డు చేరలేం. యాభై వేసినా చేరలేం. రాళ్లు గుంపులు గుంపులుగా తేలతాయి కానీ గుంపుకూ గుంపుకూ మధ్య నీరే ఉంటుంది. ఆ తర్వాత ఏదో ఒక రాయి పడగానే రెండు గుంపులు కలిసి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దారి తెరుచుకుంటుంది. ఆ ఒక్క రాయికి ముందు దారి లేదు, తర్వాత ఉంది. జిగురులో లోహపు రేణువులూ అంతే. ఒక మోతాదు దాకా జిగురు జిగురుగానే ఉంటుంది. ఆ మోతాదు దాటగానే దాని నిరోధం ఒక్కసారిగా లక్షల రెట్లు పడిపోతుంది. ఈ గణితాన్ని 1957లో బ్రాడ్‌బెంట్, హామర్‌స్లే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గట్టి పునాది మీద నిలబెట్టారు. వాళ్ల ఆలోచన మొదలైంది విషవాయువు ముసుగుల్లోని బొగ్గు రేణువుల నుంచి. గాలి ఆ రేణువుల సందుల్లోంచి దారి ఎలా వెతుక్కుంటుందన్నది అక్కడి ప్రశ్న. జిగురులో కరెంటు దారి వెతుక్కోవడమూ అదే లెక్క.

రేణువు ఆకారం కూడా ముఖ్యమే. బియ్యపు గింజలు ఒకదానికొకటి ఒక్క చుక్క దగ్గరే తగులుతాయి. అటుకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. వెండి జిగురు చేసేవాళ్లు వెండిని అటుకుల్లా పల్చటి రేకులుగా కొట్టి కలిపేది అందుకే. మామూలుగా ఘనపరిమాణంలో నాలుగోవంతు వెండి ఉంటే చాలు. కానీ వెండి బరువైనది కాబట్టి, తూకంలో చూస్తే ఆ ముద్దలో 70 నుంచి 80 శాతం వెండే. చిన్న గొట్టం అంత ఖరీదు ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎపాక్సీలో వెండి కలిపిన జిగురుకు అమెరికాలో 1956లోనే పేటెంటు వచ్చింది. కానీ దాని మీద పరిశోధన ఊపందుకున్నది సీసం వల్ల. విద్యుత్ పరికరాల్లో సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ యూరప్ తెచ్చిన నిబంధన 2006 జులై 1 నుంచి అమలైంది. 183 డిగ్రీలకే కరిగే సీసం సోల్డర్ పోయి, 217 డిగ్రీలు దాటితే గానీ కరగనిది వచ్చింది. అంత వేడి తట్టుకోలేని భాగాలను ఎలా అతకాలన్న ప్రశ్న ప్రయోగశాలల్లో గట్టిగా వినబడింది.

వెండే ఎందుకు

రాగి చవక. వెండికీ రాగికీ కరెంటు మోయడంలో పెద్ద తేడా కూడా లేదు. అయినా రాగి పొడి కలిపిన జిగురు నిలవదు. పొడి చేసిన రాగికి గాలి తగలగానే పైన ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొర కరెంటును ఆపుతుంది. రేణువు లోపల ఎంత మంచి లోహం ఉంటేనేం, గుమ్మం దగ్గరే తలుపు వేసి ఉంటే! వెండి ఆక్సైడ్ అలా కాదు, అది కరెంటును పోనిస్తుంది. ఇన్ని లోహాల్లో వెండిని నిలబెట్టింది ప్రధానంగా ఈ ఒక్క గుణమే. ధర తగ్గించాలని రాగి రేణువుల మీద వెండి పూత పూసి వాడడం మధ్యేమార్గం.

లోహపు పొడిలో రేణువుల మధ్య పొర ఎంత పని చేస్తుందో రేడియో చరిత్రకు బాగా తెలుసు. 1890లో ఫ్రాన్స్‌లో ఎదువార్ బ్రాన్లీ గాజుగొట్టంలో లోహపు రజను నింపి చూశాడు. మామూలుగా ఆ రజను కరెంటును దాదాపు పోనివ్వదు. దగ్గర్లో విద్యుత్ మెరుపు పుట్టించగానే రేణువుల మధ్య పొరలు భేదించుకుని కరెంటు పారింది. కోహెరర్ అనే ఈ పరికరమే తొలినాటి రేడియో రిసీవర్లలో తరంగాలను పట్టేది. 1899లో జగదీశ్ చంద్ర బోస్ ఇనుమును, పాదరసాన్ని కలిపి దానికి మెరుగైన రూపం ఇచ్చాడు. జిగురు అతుకులో గరగర వినిపించే రోజున ఈ సంగతి గుర్తుకు రావాలి. రేణువుల మధ్య తాకిడి సరిగా కుదరకపోతే అతుకు ఒకసారి తెరుచుకుంటూ ఒకసారి మూసుకుంటూ ఉంటుంది.

ఇక మూడోది గ్రాఫైట్. దీనికోసం విశాఖవాసి దూరం పోనక్కర్లేదు. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి కొండలు ఖొండలైట్ అనే రాతివి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే ఆ రాతికి పెట్టారు. అందులో గార్నెట్, సిల్లిమనైట్‌లతో పాటు గ్రాఫైట్ రేకులు ఉంటాయి. మనం రోజూ చూసే కొండలో కరెంటు మోసే కార్బన్ నిద్రపోతోందన్నమాట. వాల్యూము తిప్పే మీటలో ఉండే నల్లటి పట్టీ, టీవీ రిమోట్ రబ్బరు మీటల అడుగున ఉండే నల్లటి చుక్క, రెండూ కార్బన్ పూతలే. గ్రాఫైట్ తుప్పు పట్టదు, చవక. కాకపోతే దాని జిగురు నిరోధం వెండి జిగురు కంటే వందల, వేల రెట్లు ఎక్కువ.

ఒక బొట్టు లెక్క

ఆ వేల రెట్లు అనే మాట విని భయపడడమో, పట్టించుకోకపోవడమో రెండూ తప్పే. లెక్క వేసి చూడాలి. 3 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉన్న బొట్టు తీసుకుందాం. అభిరుచి కొద్దీ పని చేసుకునేవాళ్లకు దొరికే ఓ మాదిరి వెండి ఎపాక్సీ విశిష్ట నిరోధం 0.007 ఓమ్ సెంటీమీటరు అనుకుంటే, బొట్టు నిరోధం దాదాపు 8 మిల్లీఓములు. 8 ఓముల స్పీకరు ముందు ఇది వెయ్యో వంతు. చెవికి తెలియదు.

అదే చోట 5 ఓమ్ సెంటీమీటర్ల గ్రాఫైట్ జిగురు పెడితే బొట్టు నిరోధం ఐదున్నర ఓములు. యాంప్లిఫయరు 20 వోల్టులు ఇస్తోందనుకోండి. స్పీకరుకు 50 వాట్లు అందాలి. అందేది 17 వాట్లే. ఇంకో 12 వాట్లు పెసరగింజంత బొట్టులో వేడిగా మారతాయి. బొట్టు పొగ చిమ్ముతుంది.

ఇప్పుడు అదే గ్రాఫైట్ బొట్టును బజర్ బిళ్ళ మీద పెడదాం. 27 మిల్లీమీటర్ల బిళ్ళ సుమారు 20 నానోఫారడ్‌ల కెపాసిటర్ లాంటిది. వెయ్యి హెర్ట్జ్ స్వరం దగ్గర దాని అవరోధమే 8 వేల ఓములు. అది వెళ్లి చేరేది 10 లక్షల ఓముల యాంప్లిఫయరు ద్వారం దగ్గరికి. మధ్యలో ఐదున్నర ఓములు ఉన్నా, వంద ఓములు ఉన్నా మాట వినబడేదే. పెద్ద కాలువకు అడ్డంగా గడ్డిపోచ పడితే నీరు ఆగదు కదా.

కాబట్టి స్పీకరు తీగకు పనికిరాని జిగురు మైకు బిళ్ళకు దివ్యంగా సరిపోతుంది. జిగురు మంచిచెడ్డలు దానిలో లేవు, దాని గుండా పోయే కరెంటులో ఉన్నాయి.

టంకం అంటని చోట్లు

పీవీడీఎఫ్ అనే పల్చటి ప్లాస్టిక్ రేకుకు కూడా నొక్కితే వోల్టేజి పుట్టే గుణం ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త హెయిజీ కవాయ్ దీన్ని 1969లో కనిపెట్టాడు. కాయితంలా ఒంగుతుంది కాబట్టి మృదంగం వంపుకైనా అంటించవచ్చు. కానీ 80 డిగ్రీలు దాటితే దాని గుణం తగ్గిపోతూ వస్తుంది. 300 డిగ్రీల ఐరన్ దాని దగ్గరికి తీసుకుపోలేం. ఇక్కడ వెండి జిగురు, లేదా చిన్న బిగింపు, ఈ రెండే దారులు.

అదే 1969 విశాఖలో కూడా శబ్దశాస్త్రానికి ముఖ్యమైన ఏడాది. ఆ ఏడాదే ఇక్కడ నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, ఎన్‌ఎస్‌టీఎల్, మొదలైంది. ఇప్పుడు ఆర్కే బీచిలో మ్యూజియంగా నిలిచిన ఐఎన్‌ఎస్ కురుసుర నౌకాదళంలో చేరిందీ ఆ డిసెంబరు 18నే. జలాంతర్గామి లోపలికి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు, దానికి కిటికీలు లేవు. నీటి లోతున అది చెవులతో చూడాలి. ఆ చెవుల పుట్టుకలో కూడా జిగురు ఉంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో పాల్ లాంజివిన్ క్వార్ట్జ్ పలుకులను రెండు ఉక్కు పలకల మధ్య జిగురుతో అతికి, నీటిలో శబ్దం పంపి తిరిగి పట్టే పరికరం చేశాడు. పలుకు, ఉక్కు, జిగురు. సోనార్‌కు పునాది పడిందే ఒక అతుకు మీద.

అల్యూమినియం మీద అతకడం ఇంకా కష్టం. గీకిన క్షణంలోనే దాని మీద ఆక్సైడ్ పొర తిరిగి పుడుతుంది. టంకం అంటదు. వెండి జిగురు అంటుతుంది కానీ ఆ పొర మీదే అంటుతుంది, కాబట్టి నాళ్లు గడిచే కొద్దీ అతుకు బలహీనపడుతుంది. రిబ్బన్ ట్వీటర్ చేసుకునేవాళ్లు అల్యూమినియం రేకును లోహపు పట్టీల మధ్య బిగించడమే మేలు. జిగురు అక్కడ సహాయకుడే, అధికారి కాదు.

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరుది ఇందుకు పూర్తిగా ఎదురు కథ. 1957లో ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ తీసుకొచ్చిన క్వాడ్ స్పీకరు ఈ కోవలో పేరుపొందింది. రెండు చిల్లుల పలకల మధ్య బిగుతుగా సాగదీసిన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద వేల వోల్టుల విద్యుదావేశం. ఆవేశం పొర మీద అటూ ఇటూ పరుగెత్తకూడదు కాబట్టి దాని పూతకు కావాలనే ఎక్కువ నిరోధం ఉంచుతారు. అంచున కరెంటు అందించే పట్టీకి గ్రాఫైట్ పూత హాయిగా సరిపోతుంది, పారే కరెంటు అంత సూక్ష్మం. అయితే వోల్టేజి మాత్రం ప్రాణాంతకం. అనుభవజ్ఞుల తోడు లేకుండా దాని జోలికి పోకూడదు.

గిటారు లోపలి గుంతకు, యాంప్లిఫయరు ప్లాస్టిక్ పెట్టెకు గుయ్‌మనే రొద రాకుండా కవచం వేయాలంటే నికెల్ పూత, గ్రాఫైట్ పూత చాలు. అక్కడ వెండి వృథా ఖర్చు.

ఉప్పు గాలి పరీక్ష

హైదరాబాద్‌లో పదేళ్లు నిలిచే అతుకు విశాఖలో రెండేళ్లకే మొరాయించవచ్చు. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలకు తరచూ రంగు వేయకపోతే ఏమవుతుందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తడి, ఆ ఉప్పు పెట్టెలోని అతుకు దగ్గరికీ వస్తాయి.

మొదటి ప్రమాదం వెండి వలస. రెండు వెండి చుక్కలు దగ్గరదగ్గరగా ఉండి, వాటి మధ్య ఎప్పుడూ ఒకే దిశలో వోల్టేజి ఉంటే, తడి పొరలోంచి వెండి అయాన్లు ధన ధ్రువం వైపు నుంచి రుణ ధ్రువం వైపు ప్రయాణిస్తాయి. అక్కడ చెట్టు కొమ్మల్లా పెరిగి చివరికి రెంటినీ కలిపేస్తాయి. టెలిఫోన్ పరికరాల్లో ఈ చిక్కును బెల్ ప్రయోగశాలల పరిశోధకులు 1955లోనే వివరించారు. స్పీకరు తీగలో పోయేది దిశ మారుతూ ఉండే కరెంటు కాబట్టి అక్కడ భయం తక్కువ. 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తుతో నడిచే మైకులో, ఇరుకు సందుల మధ్య మాత్రం వెండి జిగురు పూయకూడదు.

రెండో ప్రమాదం తగరం పూత వేసిన కొనలు. దుకాణాల్లో దొరికే చాలా టెర్మినళ్లకు ఆ పూతే ఉంటుంది. వెండి, తగరం పక్కపక్కన ఉండి తడి తగిలితే చిన్న బ్యాటరీ పుడుతుంది, తగరం క్షీణించి మధ్యలో పొర కడుతుంది. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వారాల తరబడి ఉంచి చేసిన పరీక్షల్లో వెండి జిగురు నిరోధం పెరగడానికి ముఖ్య కారణం ఇదేనని అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 1990ల చివర చూపించారు. బంగారు పూత, వెండి పూత ఉన్న కొనల మీద ఈ బాధ లేదు. తీర ప్రాంతంలో ఉండేవాళ్లకు మందు ఒకటే. జిగురు పూర్తిగా గట్టిపడ్డాక, దాని మీద మామూలు అరల్డైట్ లాంటి ఎపాక్సీతో గాలి చొరకుండా కప్పేయాలి.

పని తీరు

ముందు ఉపరితలాన్ని సన్నటి ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఆ తర్వాత వేలు తగలకూడదు. రెండు భాగాల జిగురైతే పాళ్లు కచ్చితంగా ఉండాలి. ట్యూబులో వెండి అడుక్కు దిగిపోతుంది కాబట్టి ముందే బాగా కలపాలి. గట్టిపడడానికి గది వేడిలో ఒక రోజు పడుతుంది. వస్తువు తట్టుకోగలిగితే 65 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచడం మంచిది. ఆరేటప్పుడు ఎపాక్సీ కుంచించుకుని వెండి రేకులను ఒకదానికొకటి నొక్కుతుంది, నిరోధం తగ్గుతుంది. పీవీడీఎఫ్ విషయంలో మాత్రం ఓపిక పట్టి గది వేడిలోనే ఆరనివ్వాలి.

వెండి ఎక్కువైన జిగురుకు పట్టు తక్కువ. తీగ లాగుడు అతుకు మీద పడకుండా, కాస్త వెనకగా మామూలు జిగురుతో తీగను కట్టేయాలి. కరెంటును ఒక జిగురు మోయాలి, బరువును ఇంకొకటి మోయాలి.

మామూలు మల్టీమీటరుతో మిల్లీఓములు కొలవలేం, దాని తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. అతుకు గుండా 1 ఆంపియరు పంపి, అతుకుకు అటూ ఇటూ మీటరు ముళ్లు ఆనించి మిల్లీవోల్టులు చదవాలి. 8 మిల్లీవోల్టులు వస్తే 8 మిల్లీఓములే.

ఎపాక్సీ గట్టిపరిచే ద్రవం చర్మానికి పడదు, ఒకసారి పడని వాళ్లకు తర్వాత చుక్క తగిలినా దద్దురు లేస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి పని చేయాలి. ఇంకొకటి మరవకూడదు. 230 వోల్టుల కరెంటు దారిలో, యాంప్లిఫయరు ఎర్త్ తీగ దగ్గర ఏ జిగురునూ నమ్మకూడదు. అక్కడ బోల్టు, నట్టు, ముళ్ల వాషరు మాత్రమే ఉండాలి. అక్కడ పణంగా ఉండేది పాట కాదు, ప్రాణం.

భీమిలిలో

నా నాలుగో బిళ్ళకు ఈ మూడు ప్రశ్నలూ వేశాను. పోయే కరెంటు అతి స్వల్పం. ఉపరితలం వేడి పడని వెండి పూత. గాలి కాదు, ఏకంగా ఉప్పు నీరు. ఖరీదైన వెండి ఎపాక్సీ అక్కర్లేదని లెక్క చెప్పింది. గ్రాఫైట్ జిగురుతో తీగ అతికి, ఒక రోజు ఆరనిచ్చి, మొత్తాన్ని అరల్డైట్‌లో ముంచినట్టు మూశాను.

గోస్తని సముద్రంలో కలిసే చోట ఒక ఉదయం దాన్ని నీళ్లలోకి దించాను. హెడ్‌ఫోన్‌లో మొదట అల మీద అల పడే మొరటు శబ్దం. తర్వాత ఇసుక రవ్వలు వెనక్కి జారే సన్నటి సుస్వరం. దూరంగా ఒక మరపడవ వెళ్తుంటే దాని ఇంజను మోత గాలిలో కంటే ముందే నీటిలో నాకు చేరింది. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుందని చదువుకున్న వాక్యం ఆ క్షణంలో చెవికి అందింది. వీటన్నిటి వెనక ఆగకుండా, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. వెచ్చటి తీర జలాల్లో డెక్కలు చిటికె వేసినట్టు కొట్టే చిన్న రొయ్యలు ఉంటాయి. అవే అయి ఉండాలి.

సముద్రం నుంచి నా చెవి దాకా వచ్చిన ఆ చప్పుడంతా ఒక నల్లటి చుక్కలోంచే వచ్చింది. గ్రాఫైట్ రేకులు ఒకదానికొకటి ఆనుకుని, గెడ్డ దాటించే రాళ్లలా నిలబడిన చుక్క అది. ఒడ్డున దక్షిణం వైపు తిరిగి చూశాను. అదే గ్రాఫైట్‌ను కడుపులో దాచుకున్న కొండలు తీరం వెంట వరుసగా విశాఖ దాకా ఉన్నాయి.